తల్లి చెట్టుని వెతికే చేతులు

సింధనూరు క్యాంపుల్లో పుట్టి పెరిగిన తెలుగువాళ్లకి విత్తనం విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయ్యాక ఎడమ కాలువ నీళ్లు రాయచూరు జిల్లా నల్లరేగళ్లలోకి వచ్చాయి. ఆ నీళ్ల వెంట కోస్తా జిల్లాల రైతులు పెళ్లాంపిల్లలతో తరలివచ్చారు. సింధనూరు, మాన్వి, అప్పట్లో ఇదే జిల్లాలో ఉన్న గంగావతి చుట్టూ క్యాంపులు వెలిశాయి. ఇవాళ ఆ కాలువల కింద విరివిగా కనిపించే రకాల్లో ఒకటి బాపట్ల వరి పరిశోధనా కేంద్రంలో రూపుదిద్దుకుని 1986లో విడుదలైన సాంబ మసూరి, రైతు నోట బీపీటీ 5204. పొలం గట్టున నిలబడి చూస్తే కంకులన్నీ ఒకే ఎత్తున, ఒకే రంగున, ఒకే రోజున వంగుతాయి. ఒక్క కంకి పొడుగ్గా తల ఎత్తినా రైతు దిగి పీకేస్తాడు. దాన్ని బెరుకు తీయడం అంటారు. వరి విత్తనకారుడి పనితనమంతా ఆ ఒకేలా ఉండటంలోనే ఉంది.

ఇప్పుడు అదే రైతు గట్టు మీద టేకు, శ్రీగంధం, ఎర్రచందనం నాటుతున్నాడు. వానాకాలం వస్తే బళ్లూ ఊళ్లూ వేప, కానుగ మొక్కలు పంచుతున్నాయి. కర్ణాటకలో అడవి అతి తక్కువగా ఉన్న జిల్లాల్లో రాయచూరు ఒకటి కాబట్టి ఈ నాటుడు ఎంత జరిగినా తక్కువే. అయితే వరి విత్తనం సంచీ మీద రకం పేరు, ధ్రువీకరణ చీటీ లేనిదే కొనని రైతు కూడా చెట్టు మొక్క దగ్గరికి వచ్చేసరికి ఏమీ అడగడు. దాని తల్లి ఎవరు, ఎక్కడిది, ఎలాంటిది? ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికే బతుకంతా వెచ్చించిన మనుషులు మన దేశంలో ఉన్నారు. వాళ్ల పనితనాన్ని దగ్గరగా చూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం. వాళ్లకీ వరి విత్తనకారుడికీ లక్ష్యం ఒకటే, మేలైన విత్తనం. దారి మాత్రం పూర్తిగా వేరు. వరిలో ఒకేలా ఉండటం మేలు. అడవిలో ఒకేలా లేకపోవడమే మేలు.

ఈ మాట అర్థం కావాలంటే తుంగభద్ర దాటి, కర్నూలు మీదుగా కడప కొండల్లోకి వెళ్లాలి. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు. ప్రపంచం మొత్తంలో ఎర్రచందనానికి సొంత ఇల్లు ఈ దక్షిణ తూర్పు కనుమలే. రాతి నేల, పలుచటి మట్టి, చాలీచాలని వాన, మండే ఎండ, వీటన్నిటి మధ్య ఆ చెట్టు మెల్లగా, పంతం పట్టినట్టు పెరుగుతుంది. బెరడు నల్లగా, మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. దగ్గరి చుట్టమైన వేగిసకి ఒక్కో ఆకులో ఐదారు రెబ్బలుంటే, దీనికి సాధారణంగా మూడే. బెరడుకి గాటు పెడితే ఎర్రటి జిగురు కారుతుంది. లోపల చేవ ముదురు ఎరుపు. ఆ ఎరుపుని ఇచ్చే పదార్థం పేరు శాంటలిన్. చెక్క ఎంత బరువంటే నీళ్లలో వేస్తే మునుగుతుంది. తిరుపతి మరపాచి బొమ్మలు మన పెళ్లిళ్లలోకి వచ్చింది ఆ చేవ నుంచే. జపాన్‌లో షమిసెన్ అనే తంత్రీవాద్యం దండికి ఈ చెక్కనే ఎంచుకుంటారు. కొన్ని చెట్లలో చెక్క పోగు నిటారుగా కాక అలలు అలలుగా నడుస్తుంది. ఆ అలల పోగుకి ధర మరీ ఎక్కువ.

ఆ ధరే చెట్టుకి ఆపద తెచ్చింది. 1995 నుంచి ఎర్రచందనం సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది, అంటే దేశాల మధ్య దాని వ్యాపారం మీద అదుపు ఉంది. అయినా గొడ్డలి ఆగలేదు. పోయిన చెట్ల లెక్క అందరూ చెబుతారు. అంతకన్నా లోతైన నష్టం ఒకటుంది. గొడ్డలి కూడా ఎంపిక చేస్తుంది. అడవిలోకి దొంగతనంగా దిగినవాడు వంకర చెట్టుని కొట్టడు. నిటారుగా, లావుగా, చేవ బాగా పట్టినదాన్నే కొడతాడు. ఒక తరం పాటు అలా జరిగితే మిగిలేవి సన్నవి, వంకరవి, చేవ తేలనివి. వచ్చే తరానికి తల్లులయ్యేవి అవే. రైతు మంచి కంకులన్నీ అమ్ముకుని తాలు గింజల్ని విత్తనానికి దాచుకుంటే ఏమవుతుందో, కొండ మీద అదే అవుతోంది. చెట్ల మెరుగుదల చేసేవాళ్ల పని ఈ ప్రవాహానికి ఎదురీత. దొంగ వెతికే చెట్టునే వాళ్లూ వెతుకుతారు, కొట్టడానికి కాక కొనసాగించడానికి.

ఆ వెతుకులాట చూడదగ్గ పని. అడవిలో ఒక చెట్టు కంటికి ఆనుతుంది. పొడుగ్గా ఉంది, కాండం నిటారుగా ఉంది, కొమ్మలు పైన మొదలయ్యాయి. కంటికి ఆనినంత మాత్రాన సరిపోదు. నేల మంచిదై అలా పెరిగిందా, పుట్టుకలోనే ఆ గుణం ఉందా? అందుకే దాని చుట్టూ అదే నేలలో, ఇంచుమించు అదే వయసున్న ఐదు చెట్లని తీసుకుని, ఎత్తు, చుట్టుకొలత, కాండం తీరు, కొమ్మ కోణం, పురుగూ తెగులూ అన్నీ కొలిచి పోలుస్తారు. ఒకే మట్టి, ఒకే వాన తిన్న ఇరుగుపొరుగుని మించి పెరిగితే, ఆ ఎక్కువ చాలావరకు పుట్టుకతో వచ్చిందని నమ్మవచ్చు. ఎర్రచందనానికి మరో చిక్కుంది. విలువంతా లోపలి చేవలో ఉంది, అది బయటికి కనబడదు. బోలుగా ఉండే సన్నటి బరమాని చెట్టు గుండె దాకా మెల్లగా తిప్పి, పెన్సిల్ లాంటి పుల్లని బయటికి లాగుతారు. తెల్లచెక్క ఎక్కడ ఆగింది, ఎరుపు ఎక్కడ మొదలైంది అన్నది ఆ పుల్ల చెబుతుంది. ఆ వెంటనే రంధ్రాన్ని మూసేస్తారు, చెట్టుకి కుళ్లు పట్టకూడదు కదా. ఇన్ని పరీక్షలకి నిలిచిన చెట్టుకి రంగు పట్టీ వేసి, నంబరు రాస్తారు. దాన్ని అటవీశాఖ వాడుకలో ప్లస్ ట్రీ అంటారు.

ఒక ప్లస్ ట్రీ దొరికాక పక్కనే ఇంకోటి అంతే బాగా కనిపించినా దాన్ని తీసుకోరు. పక్కపక్క చెట్లు చాలాసార్లు ఒక తల్లి పిల్లలే. కొండలు మార్చి, వాగులు దాటి, దూరదూరంగా ఎంచుకుంటారు. మంచిది కావాలి, మంచివాటి మధ్య చుట్టరికం ఉండకూడదు. మేనరికాల గురించి మన ఇళ్లలో ఇప్పుడిప్పుడు చెప్పుకుంటున్న జాగ్రత్తే ఇది.

తర్వాతి పని కొండ మీది తల్లిని కిందికి తేవడం. గింజ తెస్తే చాలదు. 'విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా' అంటాం. చెట్ల విషయంలో ఆ సామెత సగమే నిజం. గింజకి తల్లి తెలుసు, తండ్రి ఎవరో తేనెటీగకే తెలుసు. తల్లి ఉన్నది ఉన్నట్టు కావాలంటే అంటు కట్టాలి.

అంటు కట్టే మనిషి చేతుల్ని దగ్గరగా చూడండి. పాలిథిన్ సంచిలో పెరిగిన ఎర్రచందనం నారుమొక్క అతని ముందుంది. అది వేరుమొక్క. ప్లస్ ట్రీ పైకొమ్మల నుంచి తెచ్చిన పెన్సిల్ లావు పుల్లలు తడి గుడ్డలో చుట్టి ఉన్నాయి. వాటి మొగ్గలు ఉబ్బి ఉండాలి గానీ విచ్చి ఉండకూడదు. విచ్చితే పుల్లలో ఉన్న శక్తి ఆకులకి పోతుంది, అతుకుకి మిగలదు. అతను వేరుమొక్క తల తీసేసి, నడిమధ్యన నిలువుగా చీలుస్తాడు. పుల్ల అడుగు భాగాన్ని రెండు వైపులా చెక్కి ఉలి మొనలా చేస్తాడు. ఒక్కో వైపు ఒక్క కత్తి వేటే. రెండోసారి కత్తి తగిలితే గరుకు వస్తుంది, గరుకులో గాలి చేరుతుంది, గాలి చేరితే అతుకు ఎండుతుంది. బెరడుకీ చెక్కకీ నడుమ పలుచటి పచ్చిపొర ఒకటుంది. చెట్టు లావెక్కేది ఆ పొరతోనే, అతుకు కలిసేదీ అక్కడే. పుల్ల పొరా వేరుమొక్క పొరా ఒకదానికొకటి ఆనాలి. పుల్ల సన్నం, మొక్క లావు అయితే నడిమధ్యన పెట్టడు, ఒక పక్కకి జరిపి కనీసం ఆ పక్కనైనా పొరలు కలిసేలా చూస్తాడు. వెంట్రుకవాసి తేడాలో ఒక మహావృక్షం వంశం నిలుస్తుంది లేదా ఎండిపోతుంది. పాలిథిన్ పట్టీని కింది నుంచి పైకి బిగువుగా చుట్టి, పైన చిన్న సంచి తొడిగి, నీడలో పెడతాడు.

కొన్ని వారాలకి పుల్ల చిగురు వేస్తుంది. అప్పటితో పని అయిపోలేదు. అతుకు కింద వేరుమొక్క కూడా సొంత చిగుళ్లు వేస్తుంది. వాటిని ఎప్పటికప్పుడు గిల్లాలి. లేకపోతే అనామక నారుమొక్కే పెరిగి, తెచ్చిన తల్లిని తొక్కేస్తుంది. ఈ శ్రమకి దక్కే ఫలం చిత్రమైనది. పుల్ల పసిదిగా కనిపిస్తుంది గానీ దాని వయసు కొండ మీది ముసలి చెట్టు వయసే. అందుకని విత్తన మొక్కకన్నా చాలా ముందే, మనిషి చేతికి అందే ఎత్తులోనే పూస్తుంది.

ఇలా తెచ్చిన తల్లులతో వేసేదే క్లోనల్ విత్తన తోట. దాని పటం గీయడం ఒక విద్య. సాధారణంగా ఇరవైకి తగ్గకుండా తల్లుల్ని తీసుకుని, ఒక్కోదాని అంట్లని తోటంతా చెదరేసి నాటుతారు. ఏ అంటుకీ పక్కన అదే తల్లి అంటు రాకూడదు. చుట్టూ అదే జాతి చెట్టు లేకుండా ఖాళీ వదులుతారు, బయటి పుప్పొడి లోపలికి రాకుండా. దూరం నుంచి చూస్తే మామూలు తోటే. పటం చేతిలో పట్టుకుని చూస్తే, ప్రతి చెట్టుకీ ఎదురుగా ఎవరు నిలవాలో ఆలోచించి కుదిర్చిన పెళ్లి పందిరి.

ఈ జాగ్రత్త ఎందుకో ఎర్రచందనం పూతే చెబుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి. సూర్యప్రకాశరావు, ఎ.జె. సాల్మన్ రాజు ఈ చెట్టు పరాగసంపర్కాన్ని తూర్పు కనుమల్లోనే అధ్యయనం చేసి 2002లో ప్రకటించారు. పసుపు పూలు రాత్రివేళ విచ్చుకుంటాయి. తెల్లవారాక వాలేవి ముఖ్యంగా తేనెటీగలు. ఒక చెట్టు పుప్పొడిని మరో చెట్టు పువ్వుకి చేత్తో అద్దితే నూటికి 52 పూలు కాయ కట్టాయి. అడవిలో వాటంతటవి కాసింది నూటికి 6కి మించలేదు. ఈ రెండు అంకెల మధ్య ఎంత కథ ఉందో చూడండి. చెట్టంతా పూసినప్పుడు తేనెటీగ ఆ చెట్టులోనే పువ్వు నుంచి పువ్వుకి తిరుగుతుంది. సొంత పుప్పొడి అక్కరకి రాదు. పక్కన వేరే వంశపు చెట్టు ఉండాలి, అదే వారంలో పూయాలి, తేనెటీగలు ఉండాలి. అడవి పలచబడితే చెట్లతో పాటు ఈ మూడూ దూరమవుతాయి. విత్తన తోట పటం గీసేవాడు చేసేది ఆ దూరాన్ని తగ్గించడమే.

ఈ విద్య మన దగ్గర టేకుతో మొదలైంది. 1962లో ఎస్. కేదారనాథ్, జె.డి. మాథ్యూస్ కలిసి ఎంపిక ద్వారా, ప్రజననం ద్వారా టేకుని ఎలా మెరుగుపరచవచ్చో రాసిన వ్యాసం తర్వాతి పనికి దారి వేసింది. ఆపైన విత్తన సేకరణ, చెట్ల మెరుగుదల కోసం భారత్, డెన్మార్క్ కలిసి హైదరాబాదు కేంద్రంగా ఒక పథకం నడిపాయి. కోయంబత్తూరులో అటవీ జన్యుశాస్త్ర, వృక్ష ప్రజనన సంస్థ 1988లో ఏర్పడింది. ఆ కృషిలో టేకు ఒక గట్టి పాఠం నేర్పింది. ఎంతో శ్రద్ధగా వేసిన కొన్ని విత్తన తోటలు గింజ సరిగ్గా ఇవ్వలేదు. కారణం వెతికితే తేలింది ఇది: మంచి తల్లులని నలుమూలల నుంచి తెచ్చారు గానీ అవి ఒకేసారి పూయవు. ఒకటి పూసి రాలాక మరొకటి మొగ్గ తొడుగుతుంది. పందిట్లో పెళ్లికొడుకు వచ్చే వేళకి పెళ్లికూతురి ముహూర్తం దాటిపోయింది. అప్పటి నుంచి ఎంపిక పట్టికలో కాండం, ఎత్తులతో పాటు పూత తేదీ కూడా చేరింది. తప్పుని దాచుకోకుండా పట్టికలో ఒక గడిగా మార్చుకోవడం, అదీ నిజమైన పనితనం.

ఇంతా చేసినా ఒక ప్రశ్న మిగులుతుంది. ప్లస్ ట్రీ తానే మంచిదా, మంచి పిల్లల్ని కూడా ఇస్తుందా? అందుకే ఒక్కో తల్లి గింజల్ని కలపకుండా విడివిడిగా నారు పోసి, ఒకే పొలంలో చీట్లు వేసి చోట్లు మార్చి, పలుమార్లు నాటి చూస్తారు. ఏళ్ల తరబడి కొలుస్తారు. పిల్లలు బలహీనంగా తేలిన తల్లిని, అది ఎంత అందంగా ఉన్నా సరే, తోట నుంచి తీసేస్తారు. వరిలో ఒక తరం తెలియడానికి నాలుగైదు నెలలు. ఎర్రచందనానికి చేవ పట్టడానికే దశాబ్దాలు. పరీక్ష మొదలుపెట్టినవాళ్లు ఉద్యోగం విరమించాక, వాళ్ల శిష్యుల చేతుల్లో ఫలితం తేలుతుంది. రిజిస్టరులో నంబర్లు చెరగకుండా, పొలంలో గుర్తు రాళ్లు కదలకుండా అప్పగించడం కూడా ఈ పనిలో భాగమే.

ఇలాంటి ఓర్పు ఎంత దూరం పోగలదో అమెరికాలో చూడొచ్చు. 1904లో న్యూయార్కులో ఒక బూజు తెగులు కనబడింది. అది అక్కడి చెస్ట్‌నట్ చెట్లని సుమారు 400 కోట్ల దాకా చంపేసింది. ఆ చెట్టుని తిరిగి అడవికి తేవాలని 1983లో అమెరికన్ చెస్ట్‌నట్ ఫౌండేషన్ పుట్టింది. తెగులుని తట్టుకునే చైనా చెస్ట్‌నట్‌తో సంకరం చేసి, మళ్లీ మళ్లీ అమెరికా చెట్టుతోనే కలుపుతూ వచ్చారు, తట్టుకునే గుణం ఉండాలి, రూపం మాత్రం సొంత చెట్టుదే కావాలని. నలభై ఏళ్లు దాటాయి. పని ఇంకా సాగుతూనే ఉంది. ఒక జాతి దాదాపుగా చేజారిపోయాక వెనక్కి తేవడం అంత కష్టం. ఎర్రచందనం అంతదాకా రాలేదు. తల్లి చెట్లు ఇంకా కొండల మీద ఉన్నాయి. మన అదృష్టం అదే, మన తొందర కూడా అందుకే.

అడవిని మళ్లీ పెంచడానికి మొక్కలు తయారుచేసేవాళ్లు ఇక్కడ మరో అడుగు ఆలోచిస్తారు. కలప తోటకైతే అన్నిటికన్నా మంచి ఐదు తల్లులు చాలు అనిపించవచ్చు. అడవికి చాలవు. రేపు ఏ కరువు వస్తుందో, ఏ తెగులు దిగుతుందో ఎవరికీ తెలియదు. ఇవాళ మామూలుగా కనిపించే చెట్టు దగ్గరే రేపటి తెగులుకి జవాబు ఉండవచ్చు. అందుకే అడవి కోసం గింజ ఏరేటప్పుడు కనీసం 25, 30 తల్లుల నుంచి, ఒక్కోదాని నుంచి ఇంచుమించు సమానంగా ఏరతారు. అందుబాటులో ఉన్న ఒక్క చెట్టు కిందే గోనె నింపేస్తే పని సులువు. ఆ గోనెలోని మొక్కలన్నీ తోబుట్టువులు, వాటి పిల్లలు అంతకన్నా దగ్గరివాళ్లు, రెండు తరాలకి అడవి నీరసిస్తుంది. పొలంలో బెరుకు తీసేవాడు గొప్పవాడు. అడవిలో బెరుకుని కాపాడేవాడు గొప్పవాడు. మేలైనవి ఎంచడం, ఎంచినవాటిలో వైవిధ్యం నిలపడం, ఈ రెండిటినీ ఒక్క చేత్తో చేయగలిగినవాళ్లే నిజమైన చెట్ల పెంపకందార్లు.

ఇక రాయచూరు మాట. ఎర్రచందనం ఈ జిల్లా అడవి బిడ్డ కాదు. పొలం గట్టున పెంచుకుంటే మంచిదే, కొండ మీది చెట్టు మీద గొడ్డలి భారం కొంత తగ్గవచ్చు. కానీ ఇక్కడి గుట్టలకి, బంజర్లకి కావలసింది ఈ మెట్ట దక్కనుని ఎరిగిన గట్టి చెట్లు. వేప ఉంది. నల్లతుమ్మ ఉంది. నారేపి ఉంది. సీతాకోక రెక్కల్లా జంటగా అతుక్కున్న ఆకులు, దేశంలోని బరువైన చెక్కల్లో లెక్కకొచ్చే చెక్క, తాళ్లు పేనే నార, కరువులో పశువుకి మేత, అన్నీ ఆ ఒక్క చెట్టులో ఉన్నాయి. అది ఏటా గింజ సమృద్ధిగా ఇవ్వదు, కొన్నేళ్లకోసారే విరగకాస్తుంది. మేతకోసం కొమ్మలన్నీ నరికేస్తే ఆ ఏడు కూడా కాయదు. కాసే ఏడు గమనించి, మంచి తల్లుల్ని ముందే గుర్తుపెట్టుకుని, ఆ ఏటికి వాటి కొమ్మలు కొట్టకుండా ఆపి ఏరుకునేవాడు కావాలి. శేషాచలం చెట్టుకి పెట్టిన కన్ను, పట్టిన కత్తి, గీసిన పటం ఈ చెట్లకీ అందాలి.

దానికి ప్రయోగశాల ఉన్నవాళ్లే కానక్కర్లేదు. మీ ఊళ్లో ముప్ఫై వేపచెట్లుంటే, ఒక్కదాని కింద కాకుండా ముప్ఫైటి కిందా కాసిని గింజలు ఏరండి. నిటారుగా, పచ్చగా, ఏ కరువులోనూ వాడని చెట్టుకి సున్నంతో గుర్తు పెట్టి, ఊరంతా తెలిసేలా కాపాడండి. వచ్చే వానాకాలం నర్సరీకి వెళ్లి మొక్క చేతికి తీసుకునే ముందు, సాంబ మసూరి సంచి దగ్గర అడిగినట్టే ఒక్క మాట అడగండి: దీని తల్లి ఎక్కడుంది? ఈ నారుమడిలో ఎంతమంది తల్లుల పిల్లలున్నారు? ఆ ప్రశ్నని పదిమంది అడిగిన రోజున నర్సరీవాడు జవాబు సిద్ధంగా పెట్టుకుంటాడు.